రెండు చివర్లా విన్న మనిషి

ముందుగా ఒక ఒప్పుకోలు. నాకు అతిశయోక్తి జబ్బుంది. చినుకు పడితే తుఫానంటాను, ఎవరైనా తుమ్మితే పిడుగంటాను. మా ఆవిడ నా మాటను నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఇంకాస్త తీసేసి, మిగిలింది నమ్ముతుంది. ఈ పత్రికలో నా రాతలు చదివేవారికి ఆ లెక్క అలవాటే. ఈ వ్యాసాన్ని కూడా అలాగే భాగించుకుంటూ చదవండి. ఒక్క వాక్యాన్ని మాత్రం భాగించడానికి వీల్లేదు: షేక్ మౌలాలి గారు ఇక లేరు. దాన్ని నేను ఎన్ని విధాల తగ్గించి చూసినా తగ్గలేదు.

ఆ దుర్వార్త నా చెవిన పడిన తీరు కూడా చెప్పాలి. నరసరావుపేటలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగే ఒక చిన్న సంస్థలో నేను ఫిర్యాదులు వినే ఉద్యోగిని. మౌలాలి గారు ఆ ఫిర్యాదుల మూలాలు వెతికే ఇంజినీరు. ముందు సాయంత్రం గాలివాన కొట్టింది కనక ఆ ఉదయం కౌంటరు ఫోనులో శావల్యాపురం నుంచి ఒకాయన నన్నూ, మా సంస్థనూ, మా వంశాన్నీ కలిపి తిడుతున్నాడు. అంతలో సెల్లు మోగితే రెండో చెవికి ఆనించాను. మాచర్లలో టీచరుగా పనిచేసే మౌలాలి గారి అక్క కూతురు షాహిదా, బస్సులోంచి. "మామూ చనిపోయాడు మావయ్యా" అంది. నా నోరు అలవాటు కొద్దీ "పది నిమిషాల్లో వచ్చేస్తుందండీ" అంది. ఆ మాట ఎవరితో అన్నానో నాకిప్పటికీ తెలియదు.

గారు అని రాస్తుంటే నా చేతికే కొత్తగా ఉంది. ఆయన నన్ను ఒరేయ్ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. ఇక్కణ్ణుంచి మౌలాలన్న అనే రాస్తాను.

ఆయన పోయింది ముందురోజు సాయంత్రం, బరంపేటలోని అద్దె ఇంట్లో, కుర్చీలో కూర్చునే. గుండె అన్నారు. భార్య నూర్జహాన్ వదిన ఏనాడో కన్నుమూసింది. పిల్లలు లేరు. ఎదురు టీ కొట్టు సుబ్బారావు పొద్దున్నే టీ గ్లాసుతో తలుపు తట్టేదాకా ఆ సంగతి లోకానికి తెలియదు. నేను చేరేసరికి వాకిలి నిండా వేలమంది జనం. మా ఆవిడ లెక్కలో చెప్పాలంటే వీధివాళ్ళు, ఆఫీసువాళ్ళు, కొందరు చుట్టాలు. ప్రతి నోటా ఒకటే మాట: "పాపం, ఒక్కడే ఉండి పోయాడు." అలా పోయాడా, లేక చివరి గంటలో ఒక మనిషి గొంతైనా విన్నాడా? ఆ ఇంట్లో ఆ పూట అందరికీ కావలసిన సమాధానం అదొక్కటే. అందరికంటే ఎక్కువగా షాహిదాకు కావాలి. మౌలాలన్న ఎత్తుకుని పెంచిన పిల్ల.

ఆయన రోజూ సాయంత్రం ఇల్లు చేరగానే నాకు ఫోను చేస్తాడని ఆఫీసుకు తెలుసు, టీ కొట్టుకు తెలుసు, ఆ ఇంటికీ తెలుసు. షాహిదా ఆయన ఫోను చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, నిన్న సాయంత్రం మామూ మీకు ఫోన్ చేశాడా?"

"చేశాడమ్మా."

"ఏమన్నాడు?"

"ఎప్పుడూ అనేదే. 'ఉన్నావా' అన్నాడు. 'ఉన్నా, నువ్వున్నావా' అన్నా. 'ఉన్నా' అన్నాడు. పొద్దున్నే టీకి రమ్మన్నాడు. మామూలుగానే ఉన్నాడమ్మా."

ఆ పిల్ల కాసేపు నా మొహంలోకి చూసింది. "అట్టయితే ఒక్కడే లేడు" అని, లోపలున్న ఆడవాళ్ళకు ఆ సంగతి చెప్పడానికి వెళ్ళింది.

మౌలాలన్న ఆజానుబాహువు, గంభీర కంఠుడు అని రాయాలని నా కలం ఉబలాటపడుతోంది. నిజానికి మా కౌంటరు బల్ల ఆయన ఛాతీ దాకా వచ్చేది. కానీ కోపం వచ్చినప్పుడు ఎత్తు పెరిగేవాడు. ఆయన బండి స్టార్టు చేస్తే ఆ శబ్దానికి కోటప్పకొండ మీద కోతులు పిల్లల్ని కరుచుకుని అవతలి వైపు దిగిపోయేవి. మీసానికి వేసే రంగుతో మా ఆఫీసు గేటుకు రెండు పూతలు వేయవచ్చు. వినయం ఆయన ఛాయలకు కూడా రాలేదు. "కృష్ణకి ఈ పక్కన నాలాంటోడు లేడు. ఆ పక్కన ఉన్నాడేమో కనుక్కోవాల" అనేవాడు. నా ఉద్యోగ ధర్మమైన అబద్ధాల మీద ఆయనకు చెప్పలేనంత చులకన. "నువ్వు జనానికి చెప్పే పది నిమిషాల్లో మాచర్ల పోయి, మా షాహిదా చేతి బిరియానీ తిని, ఓ కునుకు తీసి రావొచ్చురా ఆంజనేలూ" అనేవాడు.

ఆయన విద్య ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుతో మాట్లాడాలంటే తన మాటను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి తీగ మీద పంపుతుంది. వాటిని ప్యాకెట్లంటారు. అసలు సంభాషణకు ముందు అక్కడొక మర్యాద ఉంది. మొదటిది 'ఉన్నావా?' అని ఒక పొట్లం పంపుతుంది. రెండోది 'ఉన్నా, నువ్వున్నావా?' అని బదులిస్తుంది. మొదటిది 'ఉన్నా' అంటుంది. అప్పుడు గానీ పని మొదలవదు. ఏ పొట్లం ఎప్పుడు బయల్దేరింది, దేనికి జవాబొచ్చింది, ఏది పోయి మళ్ళీ జాడ లేదు అన్నదంతా వరసగా పట్టి చూపించే ప్రోగ్రాములుంటాయి. ఆ వరస పేరు ట్రేసు. నాబోటి వాడికది గోడ మీద చీమల బారు. మౌలాలన్న మాత్రం ఆ బారు ముందు గంటల తరబడి నిశ్చలంగా, సమాధిస్థుడైన యోగిలా కూర్చుని, ఎక్కడో ఒక చీమ దగ్గర వేలు పెట్టి "ఈడ" అనేవాడు.

ఆ వేలు పెట్టడానికి ముందు ఆయనకొక నియమం ఉంది. ఒక్క చివర పట్టిన ట్రేసును ఆయన నమ్మడు. పిలిచినవాడి దగ్గర ఒకటి, పిలుపు అందుకోవలసినవాడి దగ్గర ఒకటి, రెండూ ఒకే వేళ పట్టి, పక్కపక్కన పెట్టి చూడాలి. "ఆడ ఏం పోయిందో చూడు, ఈడ ఏం వచ్చిందో చూడు. తర్వాత నోరు తెరువు. బదులు రాలేదంటే ఎదుటోడు పలకలేదని కాదురా, నీ పిలుపే ఆడికి చేరలేదేమో" అని ఎన్నిసార్లు చెప్పాడో! నా లెక్కలో లక్షసార్లు. భాగించుకోండి.

నాదెండ్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడి గుమాస్తా పద్మ కంప్యూటరులో బస్తాల వివరాలు కొడితే, అవి నరసరావుపేటలోని వాళ్ళ ఆఫీసుకు చేరాలి. పొద్దుటి నుంచి బ్రహ్మాండంగా నడిచేది, మధ్యాహ్నం భోజనం చేసొచ్చేసరికి బిగుసుకుపోయేది. సాఫ్ట్‌వేరు వాళ్ళు తీగను తిట్టేవాళ్ళు, తీగవాళ్ళమైన మేము సాఫ్ట్‌వేరును తిట్టేవాళ్ళం, యజమాని పద్మను తిట్టేవాడు. "నువ్వు అన్నం తిన్న చెయ్యి సరిగ్గా కడగట్లేదే" అని ఆయన సిద్ధాంతం.

మౌలాలన్న నరసరావుపేట ఆఫీసులో ఒక ట్రేసు పెట్టి, నన్ను వెంటేసుకుని నాదెండ్ల వచ్చి రెండోది పెట్టాడు. మిర్చి ఘాటుకు ఆయన తుమ్మిన తుమ్ముకు బస్తాల వరస కదిలి మళ్ళీ సర్దుకుంది. పద్మ భోజనం చేసి వచ్చి మీట నొక్కింది. తెర మీద పొట్లాలు కదిలాయి.

"చూడమ్మా. నీ మిషన్ పిలిచింది. బదుల్లేదు. కాసేపాగి మళ్ళీ పిలిచింది. బదుల్లేదు. ఈసారి అంతకు రెట్టింపు ఆగింది. మళ్ళీ పిలిచింది. పిచ్చిది, కోపం రాదు దానికి. ఆగిద్ది, పిలిచిద్ది."

"మరి ఆళ్ళెందుకు పలకట్లేదన్నా?" అంది పద్మ.

రెండో చివర ట్రేసు తెప్పించి చూశాడు. ఈ పిలుపుల్లో ఒక్కటీ అక్కడికి చేరలేదు. వాళ్ళ ఆఫీసు గుమ్మంలో కాపలా పెట్టె ఒకటుంది. కాసేపు మాటామంతీ లేని కనెక్షనును అది మర్చిపోతుంది. మర్చిపోయిన సంగతి ఇటూ చెప్పదు, అటూ చెప్పదు. పద్మ అన్నం తిని వచ్చేలోగా జరుగుతున్నది అదే. ఇటు మిషను కనెక్షను ఉందనుకుని పిలుస్తూ ఉంటుంది, అటు ఆఫీసు పిలిచే నాథుడు లేడనుకుని ఊరుకుంటుంది.

"ఏం లేదు, పని లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ ఓ చిన్న పొట్లం పంపేట్టు పెడతా. అప్పుడు మర్చిపోదు" అన్నాడు మౌలాలన్న.

"అందులో ఏం రాసుంటదన్నా?"

"ఏం ఉండదమ్మా. ఖాళీ."

"ఖాళీ పొట్లం ఎందుకు?"

"ఉన్నానని."

నేను నోరు తెరిచాను. ఆయన తల తిప్పకుండానే "ఒరేయ్ ఆంజనేలూ, దీన్ని జీవితంతో పోల్చావంటే ఈడే తంతా" అన్నాడు. నా బోటి రచయితలంటే ఆయనకున్న ప్రధాన అభ్యంతరం అది. తన పనిలో వేదాంతం వెతికితే సహించలేడు. ఆయన ఆత్మశాంతి కోసం ఈ వ్యాసంలో ఎక్కడా పోల్చడం లేదు.

అంతటి మహానుభావుడూ ఒకసారి బోర్లా పడ్డాడు. మాచర్లలో ఒక నాపరాళ్ళ వ్యాపారి షాపులో ట్రేసు, నరసరావుపేటలో ట్రేసు, రెండూ పక్కన పెట్టి చూస్తే మాచర్ల నుంచి ప్రశ్న బయల్దేరకముందే నరసరావుపేట నుంచి జవాబు బయల్దేరినట్టు కనిపించింది. ఒకటి కాదు, ప్రతి ప్రశ్నకూ అంతే. మౌలాలన్న నీళ్ళు కూడా ముట్టలేదు. నాకు ఫోను చేసి, "నా సర్వీసులో ఇట్టాంటిది చూడలేదురా. అడక్కముందే చెప్తంది!" అన్నాడు. నేనూరుకుంటానా? సాయంత్రానికల్లా పేట అంతటా మా కంపెనీ తీగలకు దివ్యదృష్టి వచ్చిందని చాటాను. మౌలాలన్న షాహిదా ఇంటికి భోజనానికి వెళ్ళి అన్నం కెలుకుతూ ఆ వింత చెప్తే, ఆ పిల్ల పకపకా నవ్విందట. "మామూ, ఆ షాపాయన రైలు తప్పకుండా ఉంటానికి గడియారాలన్నీ ముందుకు తిప్పుకుంటాడు. కంప్యూటర్ కూడా తిప్పుంటాడు. ఊరందరికీ తెలుసు, మీ నెట్టోళ్ళకే తెలవదు!" అందట. వెళ్ళి చూస్తే అంతే. ఆ తర్వాత నేను ఎప్పుడు ఏ ప్రశ్న అడిగినా ముందుగా నా వంక గుర్రుగా చూసేవాడు. గడియారాలు కలపకుండా రెండు చివర్లు కలపకూడదన్నది ఆయన సూత్రాల్లో ఆనాటి నుంచి చేరింది.

ఇక ఆ సాయంత్రపు ఫోను ఎలా మొదలైందో చెప్పి తీరాలి. గురజాలలో పని చూసుకుని నడికుడి మీదుగా తిరిగి వస్తున్నాం. స్టేషను బయట టీ తాగుదామన్నాడు. టీ అయిపోయింది. లేవలేదు. ఒక రైలు వెళ్ళింది. ఇంకో టీ చెప్పాడు. ఎండ తగ్గింది. పోయేవాళ్ళు పోతున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు.

"పోదామా అన్నా?"

"పోదాంలేరా. ఇంటికి పోవాలంటే బద్ధకంగా ఉంటంది. తాళం నేనే తీయాల."

నూర్జహాన్ వదిన పోయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ విషయం మీద నాతో అన్న మాట అదొక్కటే. నేను హాస్యరచయితను కదా, "తాళం వేయకుండా వచ్చెయ్యన్నా, నీ ఇంట్లో దొంగకు కూడా బోరు కొడుతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బండెక్కాం.

మర్నాడు సాయంత్రం ఫోను వచ్చింది. "ఉన్నావా?" అన్నాడు. నాకు అర్థమయ్యి "ఉన్నా, నువ్వున్నావా?" అన్నాను. "ఉన్నా" అన్నాడు. వెనక తాళం తీసిన చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. పెట్టేశాడు. ఆ రోజు నుంచి రోజూ అంతే. పిలవడం ఎప్పుడూ ఆయన వంతు, పలకడం నా వంతు. అంతకు మించి ఒక్క మాట ఆ ఫోనులో అటూ ఇటూ పోలేదు. మా ఆవిడ మొదట్లో "ఏంది, ఇద్దరు ముసలాళ్ళు దాగుడుమూతలా?" అనేది. తర్వాత తర్వాత ఆ వేళకు నా ఫోను ఎక్కడుందో తనే వెతికి తెచ్చిచ్చేది.

ఆఫీసులో సంతాప సభ జరిగింది. మౌలాలి గారి మరణం సంస్థకు అపార నష్టమని మేనేజరు కాగితం చూసి చదువుతుండగానే కౌంటరు ఫోను మోగింది. లేచి వెళ్ళాను. ఇప్పుడు ఆయన కుర్చీలో కొత్తవాళ్ళు కూర్చుంటున్నారు. మంచివాళ్ళే, చురుకైనవాళ్ళే. పెట్టె ఆపి మళ్ళీ వేయమంటారు. వస్తే వచ్చింది, రాకపోతే పెట్టె మారుస్తారు. రెండో చివరకు ఎవరూ వెళ్ళడం లేదు. మొన్న పద్మ ఫోను చేసింది. నెట్టు గురించి కాదు. "అన్న పెట్టింది ఇంకా పని చేస్తందండీ. చెప్పాలనిపించింది" అంది. ఆ రోజు నా కౌంటరుకు వచ్చిన ఫోన్లలో ఫిర్యాదు కానిది అదొక్కటే. పల్నాడు నేల మీద తీగలున్నంత కాలం, ఆ తీగల్లో ఎక్కడో ఒకచోట ఆయన వేలు పెట్టి సరిచేసిన పిలుపు చేరవలసిన చోటికి చేరుతూనే ఉంటుంది. ఆ వేలికి నా నమస్కారం.

ఇక మొదట్లో చెప్పిన లెక్క తేల్చాలి. కోటప్పకొండ కోతులు కొండ దిగలేదు, తలలెత్తి చూసి ఊరుకున్నాయి. మిర్చి బస్తాలు కదల్లేదు, పద్మ కదిలింది. మీసం రంగు గేటుకు ఒక పూతకే వస్తుంది. వీటన్నిటి అడుగునా నిజం ఉంది, నేను పైన నీళ్ళు పోశానంతే. ఈ వ్యాసంలో ఏ మాత్రం పెంచకుండా, ఉన్నదున్నట్టు పొడిగా రాసిన మాటలు కొన్ని ఉన్నాయి. చావింట్లో షాహిదాకు నేను చెప్పిన చివరి ఫోను సంభాషణ. పూర్తిగా కల్పించింది అదే.

ఆ సాయంత్రం నా ఫోను మోగలేదు. గాలివానకు సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. కౌంటరు ఫోను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్నాక, ఇవాళ అన్న పిలవలేదే అనుకున్నాను. వాన కదా అనుకున్నాను. ఆయన పిలవకపోయి ఉండవచ్చు. పిలిస్తే నాకు చేరకపోయి ఉండవచ్చు. నా చివర చూస్తే ఏమీ లేదు. నా చివర ఒక్కటే చూసి ఏదీ తేల్చకూడదు.

మూడో రోజు జియారత్ అయిన మర్నాడు షాహిదా మా కౌంటరుకు వచ్చింది. మౌలాలన్న ఫోను నా ముందు పెట్టింది.

"మీ దగ్గరుంచుకోండి మావయ్యా. లాక్ తీసే మాట మా ముమానీ పేరే, నూర్జహాన్."

"నీకెట్టా తెలుసమ్మా?"

"ఆ రోజు బస్సు దిగి ఇంటికి రాంగానే తెరిచా."

అంటే వాకిట్లో నన్ను అడిగేటప్పటికే జవాబు ఆ పిల్ల చేతిలో ఉంది. అయినా అడిగింది. నేను చెప్పింది విని, అదే లోపలికి వెళ్ళి అందరికీ చెప్పింది. ఇప్పుడు ఇంకేదో చెప్పబోయింది. నేను గబుక్కున "టీ తాగుతావా అమ్మా?" అన్నాను. బరంపేటలో సుబ్బారావు కొట్టుకు తీసుకెళ్ళాను. తాగింది. సుబ్బారావు డబ్బులు తీసుకోలేదు. మాచర్ల బస్సెక్కిస్తుంటే, "మీరు చెప్పిందే ఉండనీండి మావయ్యా" అంది.

ఫోను నా కౌంటరు సొరుగులో ఉంది. తెరిస్తే రెండో చివర తెలిసిపోతుంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణి, తెరవాలి. ఇంతవరకు తెరవలేదు. రోజూ సాయంత్రం, ఆయన తాళం తీసే వేళకు, సొరుగులోంచి బయటికి తీసి ఛార్జింగ్ మాత్రం పెడుతున్నాను.